పాలనాశాస్త్రమునుండి ప్రజల హక్కులకు

న్యాయశాస్త్ర బోధకుని కృషిని నిర్ణయించుటకు మన విద్యాలయములలో వాడుకలో నున్న కొలతలు రెండే: ఆయన వ్రాసిన గ్రంథములు, ఆయన వ్రాతలను ఆధారముగా గైకొన్న న్యాయస్థానముల తీర్పులు. ఈ కొలతలతో చూచినచో ఆచార్య జి. హరగోపాల్ గారి జీవితములో ప్రధానమైన భాగము మన చేతికి అందకయే పోవును. రాజనీతిశాస్త్రమునందును పాలనాశాస్త్రమునందును పాండిత్యము గడించి, హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయమున దీర్ఘకాలము బోధించి, పిమ్మట బెంగుళూరులోని నేషనల్ లా స్కూలులో భావి న్యాయవాదులకు సందర్శకాచార్యులుగా పాఠములు చెప్పిన ఈ పాలమూరు పండితుడు, అడవిలో బందీలైన కలెక్టర్లను విడిపించు చర్చలలో మధ్యవర్తిగా కూర్చున్నవారు. పిదప ఒక మారుమూల పోలీసు ఠాణాలో వ్రాయబడిన ప్రథమ సమాచార నివేదికలో నిందితులుగా నమోదైనవారును వారే. బోధకుని ఆసనము, మధ్యవర్తి స్థానము, నిందితుని వరుస, ఈ మూడును ఒకే మనుష్యునికి ఎట్లు ప్రాప్తించెనను ప్రశ్న సామాన్యమైనది కాదు. వాటి నడుమ వైరుధ్యమేమియు లేదనియు, మొదటిదే రెండవదానికి దారితీసెననియు, రెండవదానిని సహింపలేని పాలకనీతియే మూడవదానిని సృష్టించెననియు నా నిశ్చితాభిప్రాయము.

షాద్‌నగర్‌కు చేరువనున్న మొగిలిగిద్ద వారి స్వగ్రామము. నేటి జిల్లాల విభజనలో అది రంగారెడ్డిలో చేరినను, నిన్నటివరకు మహబూబ్‌నగర్ జిల్లాదే. ప్రజల నోట పాలమూరుదే. 2025లో నూటయేబది వత్సరముల ఉత్సవము జరుపుకొన్న సర్కారు బడి గల పల్లె అది.   సర్కారు బడినుండి విశ్వవిద్యాలయ పీఠమువరకు నడచిన మనుష్యుడు తరువాతి కాలమున తెలంగాణ విద్యా పరిరక్షణ ఉద్యమమునకు పెద్దదిక్కై, బడిని బజారు సరకుగా మార్చరాదని ఊరూర వాదించుట యాదృచ్ఛికము కాదు.

పాలమూరును ఎరుగనివారికి ఈ హక్కుల చింతన మూలము బోధపడదు. కృష్ణయు తుంగభద్రయు దక్షిణపు అంచున ఒరసికొని ప్రవహించుచున్నను మెట్టభూములు వాననే నమ్ముకొన్న జిల్లా యిది. శ్రీశైలము జలాశయము క్రింద కొల్లాపురము, ఆలంపురము ప్రాంతముల పల్లెలు మునిగినవి. ఆ నీరు మాత్రము చాలకాలమువరకు ఈ చేలకు ఎక్కలేదు. కరువు వచ్చిన యేట గుంపుమేస్త్రీ ఊరిలో దిగును, ముందుగా కొంత రొక్కము చేతిలో పెట్టును, లారీ కదలును. ఆలుమగలు చంటిబిడ్డతో సహా ఏ రాష్ట్రమందలి ఏ కాలువగట్టుననో తేలుదురు. ముసలివారు, బడికి పోవలసిన పెద్దపిల్లలు ఊరిలో మిగులుదురు. దేశమున ఏ మూల ఆనకట్ట లేచినను దాని పునాదిలో పాలమూరు లేబరు చెమట కలదని జనులు చెప్పుకొను మాట అతిశయోక్తి కాదు. ‘పాలమూరు లేబర్’ అను పేరు ఒక జిల్లా పేరుగా గాక ఒక తరగతి కూలికి గుర్తుగా కాంట్రాక్టర్ల లెక్కపుస్తకములలో నిలిచిపోవుట మన గణతంత్రమునకు గౌరవము తెచ్చునది కాదు.

ఈ కూలీల విషయమున చట్టములకు కొదువ లేదు. రాజ్యాంగపు 23వ అధికరణము వెట్టిని నిషేధించినది. 1976లో వెట్టిచాకిరి వ్యవస్థ రద్దు చట్టము వచ్చినది. 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టము వచ్చి, కాంట్రాక్టరు లైసెన్సు పొందవలెననియు, కూలీని తరలించునప్పుడు నెల వేతనములో సగమునకు తగ్గకుండ స్థానభ్రంశ భత్యము చెల్లింపవలెననియు, ఆ భత్యమును కూలిలో మినహాయించరాదనియు విధించినది. 1982లో ఏషియాడ్ నిర్మాణ కార్మికుల వ్యాజ్యమున సుప్రీంకోర్టు, కనీస వేతనముకంటె తక్కువకు పని చేయించుకొనుట 23వ అధికరణము నిషేధించిన బలవంతపు చాకిరియే యని తీర్పు చెప్పెను. కత్తి చూపి చేయించినను, ఆకలిని ఆసరాగా గొని చేయించినను బలవంతము బలవంతమే యని దాని సారాంశము. ఆ వ్యాజ్యమునకు మూలము ఢిల్లీలోని ఒక ప్రజాస్వామిక హక్కుల సంఘము వ్రాసిన లేఖ. ఇంతటి తీర్పు వెలువడిన పిమ్మటనైనను, నారాయణపేట ప్రాంతమునుండి వలసపోవు కూలీ పేరు ఏ రిజిస్టరునందు నమోదయ్యెను? ఏ కార్మికాధికారి ఆ లారీని ఆపి భత్యము చెల్లించితివా యని మేస్త్రీని అడిగెను? శాసనమునకును కూలీకిని నడుమ ఒక అధికారి ఉండవలెను; ఆ అధికారి ఏమి చేయును, ఎందుకు చేయడు, ఎవరికి జవాబుదారి, అను ప్రశ్నలకు న్యాయశాస్త్ర గ్రంథములలో సమాధానము దొరకదు. అది పాలనాశాస్త్రపు ప్రశ్న.

హరగోపాల్ గారి విద్యాజీవితము ఆరంభమైనది ఆ ప్రశ్నతోనే. గ్రామీణాభివృద్ధియందు పరిపాలనా నాయకత్వమును గూర్చి 1980లో వారు వెలువరించిన గ్రంథము అధికార యంత్రాంగమును లోపలినుండి పరిశీలించినది. పథకము కాగితముపై బయలుదేరి పల్లె చేరులోపల ఏ మలుపున ఎవరి చేతిలో రూపము మార్చుకొనునో పరిశోధించిన పండితునకు, రాజ్యము ఒకే ముద్దగా కనబడదు. దానిలో చిత్తశుద్ధిగల ఉద్యోగి కలడు, భయస్థుడు కలడు, భూస్వామికి లొంగినవాడును కలడు. 1997లో మానవహక్కుల అర్థరాజనీతిని గూర్చి వారు ప్రకటించిన గ్రంథమునకు ఈ పూర్వపరిశ్రమయే పునాది యని నేను తలచెదను. హక్కులనగా వాక్స్వాతంత్ర్యము, సభాస్వాతంత్ర్యము మాత్రమే యను ఉదారవాద సంకుచితత్వమును గాని, కూడు దొరికిన పిదప స్వేచ్ఛ సంగతి చూడవచ్చునను పాలకుల వాదమును గాని అంగీకరింపక, భూమి, కూలి, చదువు, నీరు ఇవి లేనివాని స్వేచ్ఛ ఎట్లు నిష్ఫలమో, స్వేచ్ఛ లేనివాడు వీటిని అడుగుటయే ఎట్లు నేరమగునో, రెండింటిని కలిపి చూపు దృష్టి అది. పాలమూరులో పుట్టినవానికి ఈ దృష్టి పుస్తకములనుండి మాత్రమే వచ్చెననుట పొరపాటు.

ఇచట, ఈ హక్కుల చింతనకు పూర్వచరిత్రయైన నల్లగొండను స్మరింపక ముందుకు పోజాలము. తెలంగాణ సాయుధపోరాటమునకు ఆనాటి నల్లగొండ జిల్లా గుండెకాయ. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన నాటినుండి వెట్టికి వ్యతిరేకముగా లేచిన ప్రజ, 1948లో సైనికచర్య జరిగిన పిమ్మట కొత్త ప్రభుత్వపు ప్రత్యేక ట్రిబ్యునళ్ల యెదుట నిలువవలసి వచ్చెను. అట్లు విధింపబడిన మరణశిక్షలు సుప్రీంకోర్టువరకు ప్రాకినవి. ఇంగ్లాండునుండి డి.ఎన్. ప్రిట్ అను సుప్రసిద్ధ న్యాయవాది వచ్చి ఆ రైతు ఖైదీల పక్షమున వాదించెను. జనార్దనరెడ్డి ప్రభృతులు హైదరాబాదు రాష్ట్రముపై వేసిన వ్యాజ్యముగా న్యాయగ్రంథములలో నిలిచిన ఆ కేసున, న్యాయవాదిని నియమించుకొను అవకాశము తమకు సరిగా దొరకలేదని ఖైదీలు మొరపెట్టుకొనిరి. విచారణ 1949లో ముగిసినది గాన, 1950 జనవరిలో వచ్చిన రాజ్యాంగపు రక్ష వారికి పూర్తిగా అందదను చిక్కు ఆ వాదమునకు అడ్డు నిలిచెను. 1951లో సుప్రీంకోర్టు వారి అభ్యర్థనను నిరాకరించెను. అయినను ఉరిత్రాళ్లు బిగియలేదు. దేశవిదేశములలో లేచిన నిరసన ఫలితముగా ఆ శిక్షలు యావజ్జీవ శిక్షలుగా మారినవి. న్యాయస్థానమున ఓడిన వాదము ప్రజాభిప్రాయమున గెలిచిన ఈ ఉదంతము మన హక్కుల ఉద్యమమునకు తొలిపాఠము. ప్రతి న్యాయకళాశాలలోను బోధింపవలసిన ఈ కేసును నల్లగొండ న్యాయవాదులలోనైనను ఎందరు చదివిరో నాకు అనుమానమే.

1970వ దశకమున రూపుదాల్చిన ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘము ఈ వారసత్వమునే స్వీకరించెను. 1978నుండి దాదాపు పదునైదేండ్లు దానికి అధ్యక్షులైన కె.జి. కన్నబిరాన్ గారు న్యాయస్థానమును వేదికగా చేసికొనిరి. గణితాచార్యులై యుండి 1983లో ప్రధాన కార్యదర్శియైన కె. బాలగోపాల్ గారు నిజనిర్ధారణను ఒక శాస్త్రముగా మలచి, తరువాత తామే న్యాయవాదులైరి. ఈ సంఘము ఎన్‌కౌంటర్లను గూర్చి చేసిన ఫిర్యాదులపై విచారణ జరిపిన జాతీయ మానవహక్కుల కమిషన్, జస్టిస్ ఎం.ఎన్. వెంకటాచలయ్య గారి అధ్యక్షతన, 1997లో దేశమందలి రాష్ట్రములన్నిటికి మార్గదర్శకములు పంపెను. 2009 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు చెందిన అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, ప్రతి ఎన్‌కౌంటరు మరణమును నరహత్య కేసుగా నమోదు చేయవలెననియు, ఆత్మరక్షణ యనునది పోలీసు ప్రకటనతో తీరునది కాక విచారణలో రుజువు కావలసినదనియు తీర్పు చెప్పెను. అది సుప్రీంకోర్టులో నిలుపుదలకు లోనయ్యెను. అయినను 2014లో అదే సుప్రీంకోర్టు ఇట్టి మరణముల దర్యాప్తునకు విధివిధానములు నిర్దేశింపక తప్పలేదు. నేడు న్యాయవిద్యార్థులు పరీక్షలకు చదువు ఈ న్యాయసూత్రములు వరంగల్, కరీంనగర్, మహబూబ్‌నగర్, నల్లగొండ పల్లెలలో శవములను లెక్కించిన సామాన్య కార్యకర్తల నోటుపుస్తకములనుండి పుట్టినవి.

దానికి వారు చెల్లించిన మూల్యము ఎంతటిది! 2000 నవంబరులో న్యాయవాది పురుషోత్తం హైదరాబాదులో హతుడయ్యెను. 2001 ఫిబ్రవరిలో నల్లగొండ పట్టణమున ఆజం అలీని నరికి చంపిరి. 2005 ఆగస్టులో పాలమూరున కనకాచారిని చంపిరి. కోబ్రాలనియు పులులనియు పేర్లు పెట్టుకొన్న ముఠాలు ఈ హత్యలను తమ ఘనకార్యములుగా చాటుకొన్న రోజులవి. ఈ రెండు జిల్లాలలో హక్కుల మాట ఎత్తుట యనగా ఏమో నేటి యువ న్యాయవాదులకు తెలియవలెను.

ఇట్టి వాతావరణమున మధ్యవర్తిత్వము అను పదము వినుటకే వింతగా నుండెను. కాని హరగోపాల్ గారి ప్రజాజీవితమున నాకు అత్యంత విలువైనదిగా తోచు భాగము అదియే. దానికి ముందు ఒక పూర్వరంగము కలదు. 1987 డిసెంబరులో తూర్పుగోదావరి మన్యమందలి గుర్తేడు వద్ద నక్సలైట్లు బంధించిన ఐ.ఎ.ఎస్. అధికారులలో ఎస్.ఆర్. శంకరన్ గారు ఒకరు; వారి విడుదలకు మధ్యవర్తి కన్నబిరాన్ గారు. బందీయైన ఆ శంకరన్ గారే ఉద్యోగవిరమణానంతరము 1997లో పౌరస్పందన వేదికకు నాయకులై, అటు ప్రభుత్వమును ఇటు నక్సలైట్లను కూడ ప్రజల పేర ప్రశ్నించు ప్రయత్నము ప్రారంభించిరి. తమ్ము బంధించినవారిపై ద్వేషము లేకుండుట ఒక యెత్తు. వారితో నిర్మొహమాటముగా, మీ తుపాకి వలన కూడ ప్రజల ప్రజాస్వామిక జీవనము కుంచించుకొని పోవుచున్నదని చెప్పగలుగుట మరియొక యెత్తు. పాత్రికేయులైన పొత్తూరి వెంకటేశ్వరరావు గారు, కన్నబిరాన్ గారు మొదలైనవారితో పాటు హరగోపాల్ గారును ఆ వేదికలో భాగస్వాములు. దాని కృషి పరిణతి చెంది 2004 అక్టోబరున హైదరాబాదులో ప్రభుత్వ ప్రతినిధులకును నక్సలైట్ నాయకులకును ముఖాముఖి చర్చలు జరుగుటకు బాట వేసెను. ఆ చర్చలు మరుసటి సంవత్సరమునకు భగ్నమైనవి. మరల తుపాకులు మ్రోగినవి. విఫలమైనవని వాటిని కొట్టివేయువారు, ఆ కొలది మాసములలో అడవిపల్లెలు అనుభవించిన ఊరటను లెక్కలోనికి గొనరు.

2011 ఫిబ్రవరి 16న ఒడిశాలోని మల్కన్‌గిరి కలెక్టరు ఆర్. వినీల్‌కృష్ణను మావోయిస్టులు అపహరించినప్పుడు మధ్యవర్తులలో ఒకరుగా హరగోపాల్ గారి పేరు వచ్చెను. వారము దాటిన పిదప కలెక్టరు క్షేమముగా తిరిగివచ్చెను. 2012 ఏప్రిల్ 21న ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా కలెక్టరు అలెక్స్ పాల్ మేనన్ అపహరణమున ఇద్దరు అంగరక్షకులు ప్రాణములు కోల్పోయిరి. ఆ సందర్భమున మావోయిస్టుల పక్షమున పేర్కొనబడిన మధ్యవర్తులు ఇరువురు: గిరిజన సంక్షేమమునకు జీవితము ధారపోసిన మాజీ కలెక్టరు బి.డి. శర్మ గారు, హరగోపాల్ గారు. ప్రభుత్వ పక్షమున నిర్మలా బుచ్, ఎస్.కె. మిశ్రా గారలు, వీరును విశ్రాంత ఐ.ఎ.ఎస్. అధికారులే. మే 3న కలెక్టరు విడుదలయ్యెను. వార్తాపత్రికలు ఆ విడుదలతో కథ ముగించినవి. కాని ఒప్పందములోని ముఖ్యాంశము వేరు: విచారణ ఖైదీలుగా ఏండ్ల తరబడి జైళ్లలో మ్రగ్గుచున్న ఆదివాసుల కేసులను పునఃపరిశీలించుటకు నిర్మలా బుచ్ గారి అధ్యక్షతన ఒక సంఘము ఏర్పడవలెననుట. ఒక కలెక్టరు నిర్బంధము పండ్రెండు దినములు దేశమును నిద్రపోనీయలేదు. పేరులేని ఆదివాసుల నిర్బంధమును ఎవరును లెక్కింపలేదు. మొదటిదానిని తీర్చు సందర్భమున రెండవదానిని బల్లపైకి తెచ్చుటలోనే ఆ మధ్యవర్తిత్వపు అర్థము కలదు.

పాలనాశాస్త్రము చదివిన పండితుడే ఇది చేయగలడని నేననుటకు కారణము కలదు. మధ్యవర్తికి ఎదుట కూర్చున్న అధికారి ఏ మేరకు మాట ఇయ్యగలడో, ఏ మాట ముఖ్యమంత్రి కార్యాలయముదాక పోవలెనో, ఏ హామీ జిల్లా పోలీసు అధికారి బల్లపై ఆగిపోవునో తెలియవలెను. ఆవేశముతో వచ్చినవాడు ఆ గదిలో ఒక పూట నిలువలేడు. అట్లే, ప్రభుత్వపు మనిషి యని పేరుపడినవాని మాట అడవిలో చెల్లదు. దశాబ్దములపాటు అధికారమునకు దూరముగా, అధికారులకు దగ్గరగా మెలగిన ఆచార్యునికి మాత్రమే ఆ స్థానము దొరకును.

ఈ మార్గముపై విమర్శ లేకపోలేదు. దానిని దాచిపెట్టి వ్రాయుట పాఠకునికి అన్యాయము. హక్కుల ఉద్యమము రాజ్యహింసను ఖండించునంత స్పష్టముగా విప్లవకారుల హింసను కూడ ప్రశ్నింపవలెనని వాదించిన బాలగోపాల్ గారు, 1998లో పౌరహక్కుల సంఘమునుండి వెలికివచ్చి మిత్రులతో కలిసి మానవహక్కుల వేదికను స్థాపించిరి. హింసకు సామాజిక మూలములున్నవని చెప్పుట ఎంత సత్యమో, ఆ మూలముల వివరణ హతుని కుటుంబమునకు సమాధానము కాజాలదనుటయు అంత సత్యము. ఇన్‌ఫార్మరని ముద్రవేయబడి ప్రాణము కోల్పోయిన నల్లమల పల్లెవాసి సంగతి వ్యవస్థాగత హింసయను సిద్ధాంతములో ఇమిడిపోదు. ఈ విషయమున బాలగోపాల్ గారి ప్రశ్నకే నేను మ్రొగ్గుదును. అయినను పౌరస్పందన వేదిక ఇరుపక్షములను నిలదీసిన తీరు ఆ ప్రశ్నకు ఆచరణలో చెప్పిన సమాధానమనియు, రెండు సంఘములు వేరైనను ఆ వివాదము తెలుగునాట హక్కుల చింతనను ఎంతగానో లోతుచేసినదనియు ఒప్పుకొనవలెను. భారతదేశమున మరే భాషలోను హక్కుల సిద్ధాంతముపై ఇంత బహిరంగముగా, ఇంత కాలము చర్చ జరిగెనని నేను అనుకొనను.

ఇట్టి మనుష్యునిపై వచ్చిన అభియోగమేమి? ములుగు జిల్లా తాడ్వాయి పోలీసు ఠాణాలో 2022 ఆగస్టున నమోదైన కేసు 2023 జూనులోగాని లోకమునకు తెలియలేదు. చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టము, జనులు ఉపా యని పిలుచునది, దాని క్రింద నూటయేబదిరెండు మందిని నిందితులుగా చేర్చిరి. వారిలో హరగోపాల్ గారొకరు. ఆ జాబితాలో బొంబాయి హైకోర్టు మాజీ న్యాయమూర్తి జస్టిస్ హెచ్. సురేష్ గారి పేరును కలదు; వారు ఆ కేసు నమోదగుటకు రెండేండ్ల పూర్వమే, 2020లో దివంగతులైరి. గతించినవానిని నిందితునిగా చేర్చిన దర్యాప్తు ఏపాటి శ్రద్ధతో సాగెనో వేరుగ చెప్పనక్కరలేదు. నిరసన చెలరేగగా, కేసు ఎత్తివేయవలసినదని నాటి ముఖ్యమంత్రి చంద్రశేఖరరావు గారు పోలీసు డైరెక్టరు జనరలును ఆదేశించిరి. ఇది మంచి నిర్ణయమే. కాని ప్రఖ్యాతుని పేరుండుటవలన పదినెలల పిదప బయటపడిన కేసు అది. ప్రఖ్యాతులెవరును లేని జాబితాల గతి ఏమి? ఆ చట్టపు 43-డి(5) సెక్షను, ఆరోపణ ప్రాథమికముగా నిజమని తోచినంతనే బెయిలు నిరాకరింపవలసినదని న్యాయమూర్తి చేతులు కట్టివేయుచున్నది. విచారణ ముగియులోపల నిర్బంధమే శిక్షయగుచున్నది.

దీనికి దృష్టాంతము వెదకుటకు దూరము పోనక్కరలేదు. ఢిల్లీ విశ్వవిద్యాలయ అధ్యాపకుడు జి.ఎన్. సాయిబాబా విడుదలకై ఏర్పడిన రక్షణ సంఘమునకు అధ్యక్షత వహించినవారు హరగోపాల్ గారే. చక్రాల కుర్చీకే పరిమితమైన ఆ అధ్యాపకుడు 2014లో అరెస్టయి, 2017లో యావజ్జీవ శిక్ష పొంది, 2022 అక్టోబరులో ప్రాసిక్యూషనుకు ఇచ్చిన అనుమతియే చెల్లదని బొంబాయి హైకోర్టు నాగపూరు ధర్మాసనము నిర్దోషిగా విడిచిపెట్టిన మరునాడే సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలిపివేయగా, మరల జైలులోనే యుండి, 2024 మార్చిలో రెండవమారు నిర్దోషియై బయటికి వచ్చి, ఆ అక్టోబరులోనే హైదరాబాదున కన్నుమూసెను. అనుమతి పత్రములోని లోపము సాంకేతికమైనదని తేలికగా మాటలాడు న్యాయవేత్తలకు ఒక మాట: రాజ్యము ఒక వ్యక్తిని న్యాయస్థానమున విచారణకు నిలుపుటకు ముందు స్వతంత్రమైన మనస్సుతో ఒక అధికారి యోచింపవలెనని శాసనము విధించిన రక్షణ అది. పాలనాశాస్త్రమును హక్కుల శాస్త్రముతో కలిపి బోధింపవలసిన అవసరము ఇచ్చటనే కనబడుచున్నది.

హరగోపాల్ గారి స్వగ్రామమునకు కొలది మైళ్ల దూరమున, షాద్‌నగర్ సమీపమందలి చటాన్‌పల్లి వంతెన దగ్గర, 2019 డిసెంబరు 6 తెల్లవారుజామున, ఒక యువ వైద్యురాలిపై ఘోరమైన అత్యాచారము, హత్య చేసిరన్న అభియోగముపై పోలీసుల అధీనములోనున్న నలుగురు కాల్చి చంపబడిరి. ఆ నలుగురును నారాయణపేట జిల్లా పల్లెలవారు, లారీలపై బ్రతుకు పేదయింటి యువకులు. ఆ యువతికి జరిగినదానికి దేశము శోకించుట సహజము, ఆమెకు న్యాయము జరుగవలెననుట ధర్మము. కాని ఆనాడు వంతెనపై పోలీసులపై పూలు చల్లిన జనులలో, ఆ నలుగురే నిజముగా దోషులా యని న్యాయస్థానము తేల్చలేదే యని అడిగినవారెందరు? సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషను, పోలీసులు చంపవలెనను ఉద్దేశముతోనే కాల్చిరనియు, చనిపోయినవారిలో ముగ్గురు ఆనాటికి మైనర్లనియు, పదిమంది పోలీసులపై హత్యాభియోగముతో విచారణ జరుపవలెననియు నిర్ధారించెను. 2022 మేలో ఆ నివేదిక బహిర్గతమై, తదుపరి చర్య తెలంగాణ హైకోర్టు పాలికి వచ్చెను. కనీస వేతనము లేక వలసపోయిన కూలీ కొడుకు విచారణ లేక చనిపోయినప్పుడు ఆ రెండింటిని రెండు వేర్వేరు విషయములుగా చదువు చట్టవిద్య మన న్యాయకళాశాలలలో నేటికిని సాగుచున్నది. ఆ నివేదికను నారాయణపేట, మహబూబ్‌నగర్ న్యాయవాద సంఘములు తెలుగులోనికి అనువదించి, మృతుల పల్లెలలో చదివి వినిపింపవలెను.